రిజిస్ట్రేషన్ అయ్యాక ఫిర్యాదు

కొత్తపేటలోని సుస్థిర టవర్స్ డాబా పిట్టగోడ రోడ్డు మీదికి ఒరిగిందన్న సంగతి మున్సిపల్ ఆఫీసుకు తప్ప అందరికీ తెలుసు. అలాగని అపార్ట్‌మెంట్ వాసులు బాధ్యత మరిచారని అనుకోకండి. వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టారు. దాని కింద దణ్ణాల బొమ్మలు పెట్టారు. వాస్తు సిద్ధాంతిని కూడా పిలిపించారు. పగులు ఈశాన్యం వైపే సాగుతోంది కనుక శుభమని ఆయన సెలవిచ్చి, భోజనం చేసి వెళ్లారు.

సరిగ్గా ఆ గోడ కిందే అనంతమ్మ మిర్చి బజ్జీల బండి. అపార్ట్‌మెంట్ సంఘం అధ్యక్షుడు జోగారావుకు ఆ బండి కనబడితే గుండె గుబేలుమనేది. పాపం, మనసున్న మనిషి. ఫిర్యాదు చేయాలని ఎప్పుడో నిశ్చయించుకున్నాడు. కాకపోతే ఫ్లాటు అమ్మకానికి పెట్టి ఉన్నాడు.

"సారూ, పొద్దుగాల పెచ్చూడి శనగపిండిల వడ్డది. జర ఆఫీసోళ్లకు చెప్పరాదు?" అంది అనంతమ్మ.

"చెప్తానమ్మా, చెప్తాను. నువ్వు కాస్త పైకి చూసుకుంటూ వేయించుకో" అన్నాడు జోగారావు.

ఇంట్లో భార్య ఉదయలక్ష్మి నిలదీసింది. "ఫోన్ చెయ్యడానికి ఏమైందండీ మీకు? ఆవిడ నెత్తిన పడితేనో?"

"మున్సిపాలిటీ వాళ్లు గేటుకి నోటీసు అంటిస్తే కొనే పార్టీ ఉంటాడటే? రిజిస్ట్రేషన్ అవ్వనీ!"

బ్రోకర్ యాదగిరి, కమలాకర్ అనే పార్టీని తెచ్చాడు. జోగారావు అతనికి గాలి చూపించాడు, వెలుతురు చూపించాడు. డాబా తాళం మాత్రం దొరకలేదు. రిజిస్ట్రేషన్ పూర్తయింది. ఆ రిజిస్ట్రార్ ఆఫీసు మెట్ల మీదే జోగారావులోని పౌరుడు మేల్కొన్నాడు. "ప్రాణాలండీ, ప్రాణాలు!" అని మున్సిపాలిటీకి ఫోన్ చేసి మొరపెట్టుకున్నాడు. సిబ్బంది మర్నాడే వచ్చి గోడ కూల్చి, గేటుకు నోటీసు అంటించారు. కమలాకర్ ఆ నోటీసును రెండుసార్లు చదువుకున్నాడు. అనంతమ్మ కళ్లొత్తుకుని జోగారావుకు ప్లేటు బజ్జీలు ఊరికే ఇచ్చింది. ఆయన మొహమాటపడకుండా తిన్నాడు.

కాలనీవారు సభ పెట్టి శాలువా కప్పారు. "ప్రమాదం చూసి మౌనంగా ఉండేవాడు పౌరుడే కాదు! ప్రాణం ముందు ఆస్తి ఎంత?" అని జోగారావు గర్జించాడు. చప్పట్లు మోగాయి.

వేదిక దిగుతుండగా ఫోన్ వచ్చింది. చేసినవాడు గౌతమ్. ఆ ఉదయమే అల్మాస్‌గూడలోని తన ఫ్లాటును జోగారావు పేరున రాసిచ్చిన కుర్రాడు.

"అంకుల్, మీ స్పీచ్ లైవ్‌లో చూశానండీ. కళ్లు తెరుచుకున్నాయి. మీరు ఫ్లాటు కొన్న బిల్డింగ్ కింద రెండు పిల్లర్లు బీటలిచ్చాయి. ఎప్పటినుంచో చెబుదామనే అనుకుంటున్నా. ఇప్పుడే కంప్లైంట్ ఇచ్చేస్తాను."

"వద్దు బాబూ! తొందరపడకు. నీకెందుకు శ్రమ, నేను చూసుకుంటాగా" అన్నాడు జోగారావు. ఫోన్ పెట్టేసి, శాలువాతోనే చెమట తుడుచుకుని, యాదగిరిని పక్కకు పిలిచాడు.

"అల్మాస్‌గూడలో మంచి ఫ్లాటుందయ్యా. గాలీ వెలుతురూ బ్రహ్మాండం. ఓ పార్టీని చూడు."

యాదగిరి ఇప్పుడు అదే పని మీద తిరుగుతున్నాడు. ఆదివారం మీకు వీలవుతుందా?