మాటకు పది కాయలు

నా కుడిచేతి చిటికెనవేలు ఎందుకు నల్లబడిందన్న విషయంలో ఉదయపు నడక మిత్రులు మూడు సిద్ధాంతాలు ప్రతిపాదించారు. ఒకరు ఓటు సిరా అన్నారు. ఎన్నికలూ లేవు, ఆ వేలూ ఇది కాదు. ఇంకొకరు రక్తప్రసరణ లోపమన్నారు. మూడోవారు శని అన్నారు.

మూడూ తప్పే. అది మామిడికాయ సొన. దానికి మూలకారణం మాత్రం ఒక ఇంగ్లీషు మాట. నవ్వకుండా వింటానంటే చెబుతాను.

నూజివీడులో ముప్పై రెండేళ్లు భౌతికశాస్త్రం బోధించి రిటైరైనవాణ్ణి. కొలతకు గానీ నిర్వచనానికి గానీ లొంగని దాన్ని అంత తేలిగ్గా ఒప్పుకోను. మా ఆవిడ సాయిలక్ష్మి ఈ రెంటికీ లొంగదు.

ఒక ఆదివారం ఉదయం వంటింట్లోంచి ఆవిడ గొంతు వినిపించింది.

"ఏమండీ, పెరుగు సెట్ అయిందేమో చూడండి. గ్యాస్ పొయ్యి సెట్ చేయించమన్నాను, చేయించారా? ఎదురింటి ఉమ వాళ్లమ్మాయికి సంబంధం సెట్ అయిందట. ఆ జుట్టు కాస్త సెట్ చేసుకోండి, ఎవరైనా వస్తే బాగోదు."

పెరుగుకూ, పొయ్యికీ, పెళ్లికీ, నా తలకూ కలిపి ఒకే మాట! మొదటి మూడూ సాధ్యమే. నాలుగోదానికి ముడిసరుకు లేదు.

"లక్ష్మీ, పెరుగు తోడుకుంటుంది. పొయ్యి బాగవుతుంది. సంబంధం కుదురుతుంది. జుట్టు సర్దుకుంటాం. ఇన్ని మాటలుండగా అన్నిటికీ ఆ ఒక్కటేనా?"

"నేను చెప్పింది మీకు అర్థమైందా, లేదా?"

"అయింది."

"ఇంకేంటి మరి?"

ఇటువంటి వాదనకు తర్కశాస్త్రంలో జవాబు లేదు. అందుకని ప్రయోగానికి పూనుకున్నాను. పాత ల్యాబు నోటుబుక్కు తీసి, నా ముత్యాల దస్తూరీతో నియమావళి రాశాను: 'ఈ వారం రోజులూ ఈ ఇంటి మనుషుల్లో ఎవరైనా సరే, ఏ సందర్భంలోనైనా సరే, సెట్ అనే మాట పలికితే, పలికిన ప్రతిసారీ సరైన తెలుగు మాటను పదిసార్లు రాయవలెను.'

ఆవిడ చదివి, నా చేతిలోంచి కలం తీసుకుంది.

"రాస్తే ఎవరికి లాభమండీ? మాటకు పది కాయలు తుడవాలని పెడదాం. పని అవుతుంది."

ఆ పని సంగతి చెప్పాలి. మా ఆవిడా, మరో తొమ్మిదిమంది ఆడవాళ్లూ సంఘంగా కలిసి ఆవకాయ పట్టి అమ్ముతారు. కాయలు నీళ్లలో కడిగి, ఒక్కొక్కటీ పొడిగుడ్డతో తుడిచాకే కత్తిపీట ఎక్కాలి. ఆ తుడిచే పని ఎన్నో ఏళ్లుగా కనకమ్మది. నిరుడు ఆమె కూతురి కాన్పుకని మైలవరం వెళ్లింది. మూడో వారానికల్లా జాడీలన్నిటా బూజు. హైదరాబాదులో దుకాణాలున్న స్టీఫెన్ సరుకంతా తిప్పి పంపేశాడు. దిష్టి తగిలిందని సంఘం నిమ్మకాయలు కట్టింది. తేమ వల్లనని నేనన్నాను. నిమ్మకాయలకు దక్కిన గౌరవం నాకు దక్కలేదు.

ఈ ఏడు స్టీఫెన్ ఒక్క అవకాశమిచ్చాడు. నూట యాభై కిలోలు పట్టాలి. మూడు వారాల తర్వాత వచ్చి మూత తీసి చూస్తాడు. బాగుంటే పదిమందికీ ఏడాది పొడుగునా పని, లేకపోతే సంఘానికి తాళం. కనకమ్మ తిరిగొచ్చింది గానీ, మోకాళ్లు పట్టేసి కింద కూర్చోలేకపోతోంది. ఆగిరిపల్లి తోటల నుంచి శుక్రవారానికి నాలుగు వందల పైచిలుకు కాయలు రావాలి. తుడిచే మనిషి లేదు.

సాయిలక్ష్మి రోజుకు అరవైసార్లు ఆ మాట అంటుందని నా అంచనా. "సరే, కాయలే" అన్నాను ఉదారంగా.

మర్నాడు ఆవిడ నోట ఆ మాట రెండే రెండుసార్లు వచ్చింది. తర్వాత మాయమైంది. పెరుగు తోడుకుంది, పొయ్యి బాగైంది. నా బోధన ఇంత త్వరగా ఫలించడం సర్వీసులో ఎన్నడూ ఎరగను.

మంగళవారం కాయలు కొట్టే సాంబయ్య వచ్చాడు. మా ఆవిడ నోటుబుక్కు పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"మాస్టారూ, మీ ఇంట్లో ఏదో మాట అనకూడదంటగా. ఏ మాటండీ?"

"సెట్."

"ఏంటండీ? కత్తిపీట చప్పుడుకి చెవులు మొద్దుబారిపోయాయి."

"సెట్! సెట్టయ్యా!"

"అదేంటండీ, అంత మంచి మాట! మరి గ్లాసుల్ని ఏమనాలి?"

"ఆరు గ్లాసులను సెట్ అనడమెందుకు? అరడజను అనవచ్చు. ఉద్యోగంలో సెట్ అయ్యాడనకుండా కుదురుకున్నాడనవచ్చు. చొక్కా సెట్ అవలేదనకుండా పట్టలేదనవచ్చు."

అతను తల ఊపి, మా ఆవిడ వంక చూసి వెళ్లిపోయాడు. ఆ చూపును నేను విశ్లేషించి ఉండాల్సింది.

బుధవారం సాయిలక్ష్మి మెత్తగా అడిగింది. "మా వాళ్లంతా మీ దగ్గర నేర్చుకుంటామంటున్నారండీ. ఆ మాట వాడుక మీద ఓ పావుగంట చెప్పకూడదూ?"

రిటైరైన మాస్టారిని పాఠం చెప్పమనడం, ఆకలిగొన్నవాణ్ణి భోజనానికి రమ్మనడమే. పావుగంట అడిగితే గంట చెప్పాను. అలారానికి ఏమనాలో, టీవీకి ఏమనాలో, బెణికిన మడమకు ఏమనాలో అన్నీ వివరించాను. మా ఆవిడ వెనక వరసలో కూర్చుని శ్రద్ధగా రాసుకుంటోంది. పెళ్లయిన ముప్పై తొమ్మిదేళ్లకు నా మాటలు రాసుకునే భార్యను చూసి మరో నాలుగు ఉదాహరణలు కలిపాను.

శుక్రవారం ఉదయం కాయలు దిగాయి. సాయిలక్ష్మి నోటుబుక్కు తెరిచింది. నిండా నిలువుగీతలు, అయిదయిదు చొప్పున కట్టలు.

"నావి రెండు. ఆ ఇరవై కాయలూ తుడిచేశాను. మీవి నలభై ఒకటి."

"అన్యాయం! నేను ఆ మాటను వాడలేదు, ఉదాహరించాను. వాడటం వేరు, ఉదాహరించడం వేరు!"

"ఇక్కడ 'ఏ సందర్భంలోనైనా సరే' అని ఉందండీ. దస్తూరీ ఎవరిది?"

సాక్ష్యం ఎదురుగా ఉంటే హేతువాది తల వంచాలి. వంచాను. నాలుగు వందల పది కాయలు!

కనకమ్మ కుర్చీ వేయించుకుని, పర్యవేక్షణకు నా పక్కన కూర్చుంది. తడి ఆవిరయ్యే వేగాన్ని లెక్కించి ఫ్యాను పెట్టిస్తానన్నాను. ఆమె నేను తుడిచిన కాయనొకదాన్ని అందుకుని, తొడిమ దగ్గర గుంటను చూపింది. అందులో చిన్న నీటిబొట్టు.

"ఫ్యానుగాలి ఇక్కడికి రాదండీ మాస్టారూ. గుడ్డ కొస చిటికెనవేలికి చుట్టి, ఇలా తిప్పాలి."

ఆ బొట్టును దగ్గరగా చూశాను. నిరుటి బూజు నివసించిన చిరునామా అదే! నేను తేమ అన్నానే గానీ, అది ఎక్కడుందో చెప్పలేకపోయాను. ఆమె వేలికి ముందునుంచీ తెలుసు.

"ఈ సంగతి నిరుడే ఎందుకు చెప్పలేదమ్మా?"

"ఎవరూ అడగలేదండీ. అందరూ తుడిచేది ఇలాగే అనుకున్నాను."

నాలుగు వందల పది గుంటల్లో నా చిటికెనవేలు తిరిగింది. సొన చర్మంలోకి ఇంకింది. రెండువందలు దాటాక, చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, ఆ పని నాకు బాగానే ఉంది.

మూడు వారాల తర్వాత స్టీఫెన్ వచ్చాడు. పదిమందీ జాడీ చుట్టూ నిలబడ్డారు. మూత తీశాడు. ఎర్రటి నూనె, దాని కింద ముక్క. బూజు పొడ కూడా లేదు. ఒక ముక్క కొరికాడు. పటుక్కున చప్పుడైంది. కనకమ్మ కళ్లు తుడుచుకుంది.

"ఇదే నాణ్యత ఎప్పుడూ ఉండాలండీ, మేడమ్. నిరుడు తుడిచే మనిషి లేకే ఇబ్బంది అన్నారు. ఇప్పుడు మనిషి దొరికినట్టేనా?" అన్నాడు స్టీఫెన్.

సాయిలక్ష్మి నా వైపు తిరిగి చిన్నగా నవ్వింది.

"సెట్ అయ్యారండీ."

నా చేయి అలవాటుగా నోటుబుక్కు కోసం వెళ్లింది. గడువు ముగిసి చాలా రోజులైంది. పైగా సవరించడానికి మాట కావాలి. కుదిరారు అంటే సరిపోదు, అమిరారు అన్నా సరిపోదు, దొరికారు అంటే దొంగలా ఉంటుంది.

ఆ చోట ఆ మాటకు పర్యాయపదం నాకింకా తోచలేదు. రోజూ పొద్దున్నే, కాయలు తుడుస్తూ వెతుకుతున్నాను.