ఆడపిల్లకి ఇంటిపేరు చాలదూ!

ఇంట్లో ఎంతమంది ఆడపిల్లలున్నా అందరికీ ఒకే పేరు పెట్టే మన రోమన్ల పద్ధతిని మించిన సదుపాయం భూమ్మీద ఇంకొకటి లేదు! ఈ సంగతి ఇప్పుడు నిరూపించబోతున్నాను. పొయ్యి మీద ఏమైనా ఉంటే దించి వచ్చి చదవండి.

నా పేరు నోనియా. మా నాన్న ఇంటిపేరు నోనియస్ కాబట్టి నేను నోనియా. మా పెద్దక్క నోనియా, చిన్నక్క నోనియా, చెల్లెలు నోనియా. మేనత్తలూ నోనియాలే. ఆలోచించి బుర్ర పాడుచేసుకోవలసిన అవసరం మా నాన్నకి ఒక్కసారి కూడా రాలేదు. మరీ ఇబ్బందైతే పెద్ద, రెండో, మూడో అని ఓ నంబరు తగిలించేవారు. నేను మూడో నోనియాని.

మగవాళ్ల అవస్థ చూడండి, పాపం! సొంత పేరొకటి, ఇంటిపేరొకటి, ఆపైన ఏ ముత్తాత బట్టతలనో వంకర ముక్కునో గుర్తుచేసే బిరుదొకటి. మూడూ మోసుకుంటూ తిరగాలి. ఆ బరువు మన నెత్తిన పెట్టలేదంటే మనమీద వాళ్లకెంత దయ!

పేరు లేకపోతే పరువేం ఉంటుందని కొందరు గొణుగుతుంటారు. పేరు లేకపోబట్టే పరువు దక్కుతోందని నేనంటాను. ఒకసారి నోనియా ఎవరో ఖడ్గవీరుడి చేతిలో అంజూరపు పళ్లు పెడుతూ కనిపించిందని ఊరి స్నానశాలంతా గుప్పుమంది. ఏ నోనియా? అక్కచెల్లెళ్లం ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. విచారణ మేనత్తల దాకా వెళ్లింది. అక్కడ మా పెద్ద మేనత్త సిగ్గుపడటంతో నాన్న విచారణ ఆపేశారు.

శాపాల సంగతి తీసుకోండి. మా పక్కింటావిడకి మా చెల్లెలంటే పడదు. సీసపు రేకు మీద, ‘నోనియా నాలుక పడిపోవాలి, జుట్టు రాలిపోవాలి’ అని గీయించి, బావిలో వేయించింది. పాతాళ దేవతలు మాత్రం ఏం చేస్తారు? ఎవరో తేల్చుకోలేక తలా కాస్త పంచారు. పెద్దక్కకి జలుబు, చిన్నక్కకి పన్నుపోటు, నాకు దువ్వెనలో రెండు వెంట్రుకలు. మా చెల్లెలి నాలుక నేటికీ భేషుగ్గా పనిచేస్తోంది. కావాలంటే ఆ పక్కింటావిడనే అడగండి!

ఇక నా పెళ్లి. నాటకశాలలో మా చిన్నక్కని చూసి ఓ కుర్రాడు మనసుపడటంతో, నోనియాని ఇస్తారా అని గావియస్ గారింటి నుంచి కబురు వచ్చింది. నాన్న సరేనన్నారు. పెళ్లినాడు నా ముసుగు తీసేసరికి పెళ్లికొడుకు నోరు తెరిచాడు.

"ఈవిడ కాదే!"

"నోనియాని ఇస్తానన్నాను, నోనియానే ఇచ్చాను. ఇందులో నా మాట ఎక్కడ తప్పిందయ్యా?" అన్నారు నాన్న.

పెళ్లికొడుకు నన్ను ఎగాదిగా చూసి, "వంట వచ్చా?" అని అడిగాడు. అంతే, పెళ్లయిపోయింది. చిన్నక్కకి ఇంకా మంచి సంబంధం దొరికింది. నేను మాత్రం ఏం తక్కువ? గావియస్ అంటే ఆయనగారి అన్నయ్య అనుకుని ముసుగేసుకున్నాను. ఈ మాట ఆయనకి ఇంతవరకూ చెప్పలేదు. మీరూ చెప్పకండి.

ఇంత అనుభవం ఉన్న నా బుద్ధి కూడా పోయిన వారం గడ్డి తిన్నది. నాకు రెండో కూతురు పుట్టింది. ఎనిమిదో రోజున పేరు పెట్టాలి. ఆ రోజు దాటిపోతే ఇక జన్మంతా అదే పేరు. బాలింతని కదా, మతి స్థిమితంగా లేదు. ఈ పిల్లకి ఈ పిల్లదే అయిన పేరు ఒకటి ఉంటే బాగుండునని పాడు కోరిక పుట్టింది.

"ఏవండీ, దీనికంటూ ఓ పేరు పెడదామా?"

"ఉందిగా, గావియా."

"అది మన పెద్దదాని పేరు."

"అయితే ఇది రెండో గావియా. దీనికింత చర్చ ఎందుకే?"

"మొన్న మీరు వాటా కొన్న పందెం గుర్రానికి పేరు వెతకడానికి రెండు పూటలు రొట్టె ముట్టలేదు!"

"గుర్రం సంగతి వేరే! పందెం రోజున జనమంతా లేచి నుంచుని ఆ పేరు అరవాలి. నోటినిండా ఉండొద్దూ? దీని పేరు ఎవరరుస్తారు?"

నిజమే సుమండీ. నాకిది తట్టనే లేదు.

అయినా ఊరుకోకుండా ఆయన మేనత్త దగ్గరికి వెళ్లాను. భర్త పోయినప్పటి నుంచీ ఆవిడ మా ఇంట్లోనే ఉంటోంది. ఆవిడ కూడా గావియానే, పెద్ద గావియా అంటాం. ఆవిడ మాటంటే మావారికి హడలు.

"అత్తయ్యగారూ, మీరు ఒక్క మాటంటే ఆయన వింటారు."

"ఏమనమంటావే? మా రోజుల్లో ఈ నంబర్లు కూడా లేవు. నన్నూ మా చెల్లెల్నీ పొడుగూ పొట్టీ చూసి పోల్చుకునేవాళ్లు. మీకు నంబర్లిచ్చారు. ఇంకా చాలలేదూ?"

వచ్చి పిల్లకి పాలిచ్చుకున్నాను.

ఎనిమిదో రోజు వచ్చింది. చుట్టాలు చేరారు. తేనె అప్పాలు ఒక్కొక్కరూ మూడేసి తీసుకున్నారు. మావారు పిల్లని ఎత్తుకుని, ఇంటి దేవతల గూడు ముందు నిలబడి, "గావియా!" అని గట్టిగా ప్రకటించారు. ఎన్నడూ వినని పేరు విన్నట్టు చుట్టాలంతా ఆహా ఓహో అన్నారు.

తర్వాత చంద్రవంక తాయెత్తు కట్టడానికి పెద్ద గావియా పిల్లని ఒళ్లోకి తీసుకుంది. కట్టింది. కట్టి, వంగి, పిల్ల చెవిలో ఏదో అంది. పక్కనే ఉన్నాను గనక నాకు వినబడింది.

"మెరులా."

"ఏమన్నావత్తా?" అన్నారు మావారు.

"నీకు గావియా చాలన్నావుగా. వెళ్లి అప్పాలు పంచు."

అందరూ వెళ్లాక వంటింట్లో ఉండబట్టలేక అడిగాను.

"ఆ పేరెవరిదత్తయ్యగారూ?"

"నాదే," అంది, చెంబు తోముతూనే. "తోటలో నల్లపిట్ట లేదూ, మెరులా, అలా పొద్దస్తమానం కూసేదాన్నట. మా అమ్మ అలాగే పిలిచేది. నా చిన్నప్పుడే పోయింది. ఆ తర్వాత ఎవరూ వాడలేదు. ఇంకా కొత్తగానే ఉంది. దీన్ని వాడుకోనీ."

పాఠకులారా, ఈ పనిని నేను తీవ్రంగా ఖండిస్తున్నాను! పెద్దవాళ్లే ఇలా దొంగచాటుగా ఆడపిల్లల చెవుల్లో పేర్లు పోస్తుంటే రోమ్ ఏం కావాలి? రేపు తప్పు చేస్తే ఆ పిల్లనే తిట్టాలి. మెచ్చుకుంటే ఆ పిల్లనే మెచ్చుకోవాలి. అన్నిటికన్నా ఘోరం, అది ఇంట్లో లేకపోతే లేదన్న సంగతి అందరికీ తెలిసిపోతుంది! మన సెనేట్‌లో పెద్దమనుషులు నిద్రపోతున్నారా?

అసలు ఆడవాళ్లకి ఇలాంటి పేర్లు పనిచేయవని రుజువుతో సహా మీకు రాద్దామని, ఇవాళ పొద్దున్నే ఉయ్యాల దగ్గర నిలబడి ఒక్కసారి పిలిచి చూశాను.

"మెరులా!"

పిల్ల కదల్లేదు. పాలు తాగి హాయిగా నిద్రపోతోంది.

పెరట్లో మాత్రం గిన్నెలేవో దభేలున కిందపడ్డాయి. చేతులకంటిన పిండి దులుపుకోకుండా, మోకాళ్ల నొప్పుల మాటే మరిచిపోయి, మా పెద్ద గావియా పరుగెత్తుకొస్తోంది.

"వస్తున్నానమ్మా!"