లోకల్‌హోస్ట్ గారి కోసం కారు

పదకొండు గంటల విమానానికి కారు పంపేసి, ఆ తర్వాత తీరిగ్గా నాష్తా చేద్దామనుకుంది మెహ్రీన్. సాతంరాయిలో ఇంటి ముందుగదిలో కూర్చునే ఆమె ఎయిర్‌పోర్టు కార్ల వెబ్‌సైట్ నడుపుతుంది. ఆ రోజు బెంగళూరు నుంచి ఒక ఇంజినీరు రావాలి. కాటేదాన్ ఫ్యాక్టరీలో మిషన్ ఆగిపోయి మూడు రోజులైంది. ఈ ఒక్కసారి మాట రాకుండా తీసుకెళ్తే, ఏడాదంతా ఆ ఫ్యాక్టరీ బండ్ల పని తనకే.

వచ్చేదెవరో చూద్దామని వెబ్‌సైట్ తెరిస్తే తెల్లటి పేజీ మీద ఒకటే ముక్క: డేటాబేస్ కనెక్షన్ దొరకలేదు.

ఫ్యాక్టరీకే ఫోన్ చేసి "మీ మనిషి పేరేంది?" అని అడిగితే ఇగ ఆ పని మీద ఆశ వదులుకోవాల్సిందే. సర్వర్ కంపెనీకి చేసింది.

"మా వైపు అంతా బాగానే ఉంది మేడమ్. నిన్న పాస్‌వర్డ్ మార్చారు కదా, సెట్టింగుల ఫైల్లో కూడా మార్చారా?"

మార్చలేదు. గబగబా కాపీ చేసి పెట్టింది. మళ్ళీ అదే తెల్ల పేజీ.

"హోస్ట్ అన్నచోట ఏముందో చదవండి మేడమ్."

అంతలో రెండో ఫోన్ మోగింది. ఎయిర్‌పోర్టు నుంచి డ్రైవర్ కొండల్. "అక్కా, టైమైంది. బోర్డు మీద పేరేం రాయాలె?"

రెండు చెవులకూ రెండు ఫోన్లు పెట్టుకుని, ఫైల్లో హోస్ట్ అన్నచోట ఉన్న ముక్క చదివి, "లోకల్‌హోస్ట్!" అని అరిచింది మెహ్రీన్.

"గదేం పేరక్కా? సరే తియ్," అని కొండల్ పెట్టేశాడు.

పావుగంటకు మళ్ళీ అతనే. "అక్కా, సార్ దొరికిండు. బయలుదేరినం."

"ఏ సార్?"

"లోకల్‌హోస్ట్ సార్. బోర్డు చూసి ఒకటే నవ్వుడు."

"ఫోన్ ఆయనకియ్యి," అంది మెహ్రీన్. ఫోన్ ఆ సార్ చేతికి వెళ్ళింది.

"నా పేరు అరవిందండీ. సర్వర్లు చూసే ఉద్యోగం నాది; లోకల్‌హోస్ట్ అంటే మా భాషలో 'ఈ కంప్యూటరే' అని. మా ఆఫీసువాళ్ళు సరదాకి అలా రాయించారనుకుని ఎక్కేశాను."

"సార్, మా డేటాబేస్ బందయింది! మా ఇంజినీరు ఆడనే నిలబడి ఉంటరు!"

"పాస్‌వర్డ్ కాపీ చేసి పెట్టారా? చివర ఖాళీ చోటేమైనా పడిందేమో చూడండి."

పడింది. తీసేసింది. పేజీ తెరుచుకుంది. ఇంజినీరు పేరు సునీత. వెంటనే ఆమె నంబరు నొక్కింది.

"మాఫ్ చేయండి మేడమ్, పది నిమిషాల్ల బండి తిప్పిస్త! మీరు యాడ నిలబడ్డరు?"

"బెంగళూరులో. విమానం రెండు గంటలు లేటు. ఆ సంగతి రాద్దామని పొద్దున్నించీ చూస్తున్నాను, మీ వెబ్‌సైట్ తెరుచుకుంటే కదా!"

అరవింద్ కోసం ఆయన ఆఫీసువాళ్ళు పంపిన కారు మాత్రం, ఎయిర్‌పోర్టులో ఆయన కోసం ఇంకా చూస్తూనే ఉంది.