ప్రాట్లీ గారింటి హుహు పురుగు

ఆ రోజు పొద్దున్న డెస్మండ్ ప్రాట్లీ గారు పెట్టుకున్న పని ఒక్కటే. వంటింటి కిటికీ సరిగ్గా మూసుకోవడం లేదు, దాని గొళ్ళెం బాగుచేయాలి. పోస్టాఫీసులో చేసి రిటైరైన మనిషి కాబట్టి దాన్ని పద్ధతిగా సాయంత్రానికి వాయిదా వేశారు. సాయంత్రం మర్నాటికి వేశారు. భార్య ఐల్సా పోయి రెండేళ్ళయింది. ఉన్న ఒక్క పనీ చేసేస్తే రేపు లేచి ఏం చేయాలన్నది ఆయన భయం.

చీకటి పడుతుండగా ఆ కిటికీ సందులోంచి ఒక హుహు పురుగు లోపలికొచ్చి, దీపానికి గుద్దుకుని, బల్ల మీద వెల్లకిలా పడింది. వేలంత పొడుగు. గోధుమరంగు రెక్కల మీద వల అల్లినట్టు గీతలు. ఒంటికి మించిన మీసాలు. అడవిలో పుచ్చిన పైన్ దుంగల్లో పెరిగి, ఆ దేశంలో క్రిస్మస్‌తో పాటే వచ్చే వేసవిలో దీపం కనబడిన ఇంటి మీద పడే ఈ పురుగుని ఆ ఊళ్ళో అందరూ చీపురుతోనే పలకరిస్తారు. ప్రాట్లీ గారు నోటితో పలకరించారు.

"తలుపు కొట్టి రాకూడదూ? ఇంట్లో ఎవరూ లేరనుకున్నావా?" అని గట్టిగా నవ్వారు.

పక్కింటి నోలీన్ టక్ గారు అప్పుడు టమాటా మొక్కలకు నీళ్ళు పెడుతున్నారు. రెండేళ్ళుగా ఆ ఇంట్లోంచి రేడియో తప్ప ఇంకేమీ వినబడలేదు. ఆ రాత్రి ఒక్క మొక్కకే బిందెడు నీళ్ళు అందాయి. మర్నాడు సాయంత్రమూ అంతే. "ఏం, ఇవాళ ఆలస్యం? ఎదురుచూసి చూసి టీ చల్లారబెట్టుకున్నాను," అన్న ప్రాట్లీ గారి గొంతు కంచె దాటి వచ్చింది.

వాళ్ళుండే టోటారా వీధిలో ఒకరి సంగతి ఇంకొకరు అడగరు. అలా అడగడం అనాగరికం. అడగకుండా తెలుసుకోవాలంటే ఏదైనా వండి పట్టుకెళ్ళాలి.

"స్కోన్ రొట్టెలు ఎక్కువైపోయాయి, వేడిగా ఉన్నాయి," అంటూ నోలీన్ గారు వచ్చి, ఆయన భుజం మీదుగా ఇల్లంతా చూశారు. "నేనేమీ అడగటం లేదు సుమండీ. మీరు సంతోషంగా ఉంటే మాకంతే చాలు."

"అబ్బే, అదేం లేదండీ, అది వట్టి..." అన్నారు ప్రాట్లీ గారు. కానీ ఆవిడ అప్పటికే కుర్చీ లాక్కుని కూర్చుంది. ఐల్సా పోయినప్పుడు వీధి వీధంతా గిన్నెలతో వచ్చింది. గిన్నెలు తీసుకెళ్ళడానికి ఇంకోసారి వచ్చింది. ఆ తర్వాత ఆ కుర్చీలో కూర్చున్న మొదటి మనిషి నోలీన్ గారే. పురుగు సంగతి చెబితే లేచి వెళ్ళిపోతుంది. టీ అయ్యాక చెబుదామనుకున్నారు. టీ అయ్యేసరికి చెప్పే అదను దాటిపోయింది.

"ఈసారి తనక్కూడా ఏదైనా చేసి తెస్తాను. ఏం తింటుందో?" అందావిడ గుమ్మం దగ్గర.

"ఏమీ తినదండీ."

"అయ్యో! సన్నగా ఉంటుందా?"

"సన్నగానే ఉంటుంది," అన్నారు ప్రాట్లీ గారు. ఆయనకు అబద్ధమాడే అలవాటు లేదు.

ఆ వారంలో ఎదురింటి టామె పరాఓనె గడ్డి కోసే యంత్రం తోసుకుంటూ వచ్చేశాడు. "ఆవిడ నడిచొచ్చే దారి ఇలాగేనా పెట్టుకునేది పెద్దాయనా? పక్కకి జరుగు," అని పెరడంతా నున్నగా కోసి, పోతూ పోతూ ఆయన వేలి కట్టు చూసి ఆగాడు. "ఇదేమిటి?"

"దీపం దగ్గర్నుంచి తీయబోతే కొరికింది," అన్నారు ప్రాట్లీ గారు పరధ్యానంగా.

టామె కాసేపు ఆకాశం వైపు చూశాడు. "నేనేమీ అడగలేదు," అని యంత్రం తోసుకుంటూ వెళ్ళిపోయాడు. సాయంత్రానికి, వీధివాళ్ళంతా పచ్చిక మీద బంతులు దొర్లించే బౌల్స్ క్లబ్బులో ప్రాట్లీ గారి గౌరవం అమాంతం పెరిగింది. రోజూ ఎవరో ఒకరు ఏదో ఒకటి పట్టుకుని రావడం, టీ తాగి పోవడం. రోజూ వచ్చేది ఆ పాత పురుగేనా అని ప్రాట్లీ గారికి ఒకసారి అనుమానం వచ్చింది గానీ, మర్యాద కాదని ఊరుకున్నారు.

క్లబ్బు క్రిస్మస్ విందులో ఆయన పక్కన 'ఆవిడ' కోసమని ఒక కుర్చీ ఖాళీగా ఉంచారని తెలిసినప్పుడు మాత్రం నిద్ర పట్టలేదు. నిజం చెబితే ఈ మనుషులంతా పోతారు. చెప్పకపోతే ఆ కుర్చీలో కూర్చోబెట్టడానికి ఎవరూ లేరు. విందు రోజు పొద్దున్న కిటికీ గట్టు మీద పురుగు కాళ్ళు ముడుచుకుని చచ్చిపడి ఉంది. ప్రాట్లీ గారు దాన్ని అగ్గిపెట్టెలో పెట్టి, టై కట్టుకుని, ఒక్కరే విందుకు వెళ్ళారు.

"తను రాలేదా?" అన్నారు నోలీన్ గారు ఖాళీ కుర్చీ చూసి.

ఆయన అగ్గిపెట్టె తెరిచి బల్ల మీద పెట్టారు. "ఎవరూ లేరండీ. నాతో మాట్లాడింది ఇదొక్కటే. మీరొస్తున్నారు గదా అని చెప్పలేదు. మళ్ళీ రారేమోనని."

అందరూ వంగి చూశారు. ఎవరూ నవ్వలేదు.

"పెద్దాయనా," అన్నాడు టామె మెల్లగా, "మా అరుగు మీద రోజుకి పది పడతాయి ఇవి. మా తాత వీటి పిల్లపురుగుల్ని కాల్చుకుని తినేవాడు. హుహు పురుగు కోసం టై కట్టుకునేవాడెవడు? వద్దు, చెప్పకు. మేమడగం."

"నిజమయ్యా బాబూ! ఇదే! కావాలంటే వేలు చూడు, పళ్ళ గుర్తులు!"

నోలీన్ గారు కళ్ళు తుడుచుకున్నారు. "చూశారా, ఎంత పెద్దమనిషో! ఆవిడ వదిలేసిపోయినా, పేరు బయట పెట్టకుండా నింద పురుగు మీద వేస్తున్నారు."

"నోలీన్ గారూ, దేవుడి తోడు..."

"ఊరుకోండి, మాకు తెలుసు." ఆవిడ మిగతావాళ్ళ వైపు తిరిగి గొంతు తగ్గించింది. "చావింటికైతే కూర వండి పట్టుకెళ్తాం. మనసు విరిగినవాడి దగ్గరికి మాత్రం పోకూడదు. కొన్నాళ్ళు ఆయన్ని ఒంటరిగా వదిలేద్దాం."

అందరూ తలూపారు. ఇలాంటి విషయాల్లో ఆ వీధి మాట తప్పదు. మర్నాటి నుంచి ప్రాట్లీ గారు గుమ్మంలో నిలబడి రెండు చేతులూ ఊపుతుంటే, ఆయన దుఃఖానికి భంగం కలగకూడదని, అందరూ తల తిప్పుకుని వెళ్ళిపోయేవారు.