అడ్డకడ్డీకి అనుమతి

కదిలేదాన్ని నిలబెట్టడం, నిలిచిపోయినదాన్ని కదలకుండా కాపాడటం పరిపాలనకు రెండు కళ్లు. మొదటి కంటికి చూపు మందగించిందని గిట్టనివాళ్లు అంటారు గానీ, రెండో కన్ను ఇప్పటికీ సూదిలో దారం ఎక్కించగలదు.

ఈ సంగతి అనుభవం మీద తెలుసుకున్నది ఒక లారీ యజమానురాలు. కిటికీ అద్దాలు రవాణా చేస్తుంది. లారీ తనదే, నడిపేదీ తనే. గతుకులకు అద్దాలు పగులుతున్నాయని వెనక చక్రాల దగ్గర స్ప్రింగుల్లా పనిచేసే ఇనుప కమాన్ కట్టలు తీయించి, వాటి చోట గాలి సంచులు పెట్టించుకుంది. ఒక మీట నొక్కితే గాలి నిండి బండి లేస్తుంది, ఇంకోటి నొక్కితే గాలి పోయి కూర్చుంటుంది. (దీనికి అనుమతి పదకొండు నెలల్లోనే వచ్చింది. కార్యాలయం వారు ఆ వేగం గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు.) అద్దాలు పగలడం ఆగింది. బండి మాత్రం మలుపుల్లో తోక ఊపడం మొదలుపెట్టింది.

ఒకరోజు బడి దగ్గర మలుపులో వెనక భాగం జానెడు పక్కకి జరిగింది. పక్కనే సైకిల్ మీద వస్తున్న పెద్దాయన తప్పుకోబోయి కాలవలోకి దిగాడు. దెబ్బలేమీ తగల్లేదు. పర్వాలేదమ్మా అంటూ ప్యాంటు పిండుకుని వెళ్లిపోయాడు. ఆమె మాత్రం బండిని నడక వేగంతో తెచ్చి, వెల్డింగ్ పని చేసే మరిది షెడ్డులో పెట్టి, ఇది బాగయ్యేదాకా లోడు ఎత్తనంది.

మరిది బండి కింద దూరి అరగంటకు బయటికొచ్చాడు.

"కమాన్ కట్టలు రెండు పనులు చేసేవి వదినా," అన్నాడు. "బరువు మోసేవి, ఇరుసుని పక్కకి పోకుండా పట్టుకునేవి. ఈ సంచులు మోస్తాయంతే. ఇరుసుకి ఇప్పుడు అడ్డూ ఆపూ లేదు."

మధ్యాహ్నానికల్లా ఒక అడ్డకడ్డీ తయారుచేశాడు. ఒక కొస బండి చట్రానికి, రెండో కొస ఇరుసుకి, మొత్తం నాలుగు బోల్టులు. సంచులు పైకీ కిందికీ ఆడతాయి, ఇరుసు మాత్రం పక్కకి పోదు. బిగించబోతుంటే ఆమే ఆపింది. అనుమతి లేని కడ్డీతో దొరికితే బండిని పట్టుకుపోతారు, బీమా చెల్లదు. పైగా అద్దాల ఫ్యాక్టరీ వాళ్లు నెలాఖరు దాకా చూసి వేరే లారీ పెట్టుకుంటామన్నారు. పన్నెండు రోజులే ఉంది. ఇది జనం ప్రాణాలకి మంచిదే కదా, ఎందుకు కాదంటారని ఆమె ధైర్యం. (ఆమెకు లోకజ్ఞానం తక్కువని కాదు. లారీ ఎత్తు నుంచి చూస్తే లోకం అలాగే కనిపిస్తుంది.)

వాహన స్థిరత్వ విభాగం నాలుగు కిలోమీటర్ల దూరం. కడ్డీని వెనకాల పడేసి ఆమె నడక వేగంతో బండి నడిపితే, మరిది ముందు నడుస్తూ ప్రతి మలుపులోనూ జనాన్ని తప్పించాడు.

కింది అంతస్తులోని ఎత్తులు కొలిచే గుమాస్తా ఆవరణలోకి టేపు తెచ్చి బండిని కొలిచి రాసుకున్నాడు. పై అంచు అందక ఆయన మునివేళ్ల మీద నిలబడుతుంటే, ఆమె మర్యాదకి మీట నొక్కి బండిని దించింది. రెండో కొలత వచ్చింది. కంగారుపడి మళ్లీ లేపింది. మూడోది వచ్చింది. అసలీ బండి ఎత్తెంతని ఆయన నిలదీశాడు.

"మీకెంత కావాలంటే అంత సార్," అందామె, ఉన్న మాటే.

గుమాస్తా అటూ ఇటూ చూసి, ఇలాంటి మాటలు పదిమందిలో అనకూడదని గొంతు తగ్గించి మందలించాడు. చివరికి మూడింటి సగటు రాశాడు. ఆ ఎత్తులో ఆ లారీ ఏనాడూ నిలబడలేదు గానీ, కాగితం మీద చక్కగా నిలబడింది.

పై అంతస్తులో స్థిరత్వాధికారి నెమ్మదైన మనిషి. పద్నాలుగో నిబంధన ప్రకారం అనుమతి లేకుండా ఏ భాగమూ బిగించరాదన్నాడు. పదిహేనో నిబంధన ప్రకారం బిగించని భాగాన్ని తనిఖీ చేయరాదన్నాడు. తనిఖీ లేకుండా అనుమతి ఉండదని వేరే చెప్పనక్కర్లేదన్నాడు, అయినా చెప్పాడు. మరి ఏం చేయాలని మరిది అడిగితే, ఇన్నేళ్లలో ఆ మాట అడిగినవాడివి నువ్వేనని మెచ్చుకుని దారి చూపించాడు. కార్యాలయం ఆవరణలో, తన కళ్లముందు, తనిఖీ కోసం మాత్రమే బిగించి, అది కాగానే విప్పేయాలి.

బిగించారు. అధికారి ఇద్దరు సిబ్బందిని పిలిపించి బండిని పక్కనుంచి నెట్టించాడు. ఇరుసు వెంట్రుకవాసి కదల్లేదు. తనూ ఒకసారి నెట్టి చూసి, ఇరుసు స్థిరంగా ఉన్నదని పుస్తకంలో రాశాడు. కడ్డీ విప్పించాడు. స్థిరంగా ఉన్న ఇరుసుకు అడ్డకడ్డీ అనవసరం కనుక దరఖాస్తును తిరస్కరించాడు.

మరిది స్పానరు కింద పెట్టేసి నేల మీద కూలబడ్డాడు. ఆమె గొంతు పెంచలేదు. లారీ తలుపు తీసి పట్టుకుంది.

"ఒక్కసారి ఎక్కండి సార్. ఆ మూల దాకా వెళ్లొద్దాం."

ఎక్కకూడదని ఏ నిబంధనలోనూ లేదు కాబట్టి ఆయన ఎక్కాడు. ఆవరణ చుట్టూ దారి ఖాళీగా ఉంది. ఆమె మామూలు వేగంతోనే నడిపింది. మూల మలుపులో ముందు భాగం తిరిగింది, వెనక భాగం ఇంకా ఆలోచిస్తూ ఉండిపోయి, తర్వాత ఒక్కసారిగా వచ్చింది. అధికారి ఆమె టిఫిన్ డబ్బాని రెండు చేతులా పట్టుకున్నాడు.

"ఆపమ్మా," అన్నాడు. "నాకు పిల్లలున్నారు."

ఆమె ఆపింది.

"మా దారిలో ఇలాంటి మలుపు బడి ముందరుంది సార్."

ఆయన దిగి, పైకెళ్లి, రెండు గ్లాసుల నీళ్లు తాగి, రాయడానికి కూర్చున్నాడు. గంటలో ఉత్తర్వు టైపై, సంతకమై, ముద్ర పడి గోడకెక్కింది. ఆ కార్యాలయంలో దరఖాస్తు రోజే వెలువడిన ఉత్తర్వు అదొక్కటే. తనిఖీ అధికారులు ఇకమీదట తనిఖీకి వచ్చిన వాహనాలు ఎక్కరాదని అందులో ఉంది.

కడ్డీ సంగతేమిటని ఆమె అడిగితే ఆయన కిటికీలోంచి గేటు వైపు వేలు చూపించాడు. ఆ గేటు బయట మా పరిధిలోకి రాదమ్మా, అని మెల్లగా అన్నాడు.

మరిది గేటు బయట కడ్డీ బిగించాడు. ఇంటికి మామూలు వేగంతోనే వచ్చారు. బడి మలుపులో ఆమె తిప్పితే, వెనక భాగం ముందు భాగం వెంటే బుద్ధిగా వచ్చింది. కొంతదూరం పోయాక బండి పక్కకి ఆపి, కళ్లు తుడుచుకుని, మళ్లీ నడిపింది. నెలాఖరుకి నాలుగు రోజుల ముందే ఫ్యాక్టరీ లోడు ఎత్తింది. బీమా సంగతి మాత్రం తలుచుకోదు.

ఇది జరిగి మూడేళ్లయింది. ఏటా తనిఖీ రోజున మరిది గేటు బయట గోనెపట్టా పరిచి కడ్డీ విప్పుతాడు, ఆమె నడక వేగంతో లోపలికి వెళుతుంది. లారీ అన్ని విధాలా సురక్షితమని ధ్రువపత్రం ఇవ్వడానికి వాళ్లకు ఇరవై నిమిషాలు పడుతుంది. ఏడాది మొత్తంలో ఆ లారీ ప్రమాదకరంగా ఉండేది ఆ ఇరవై నిమిషాలే.