శేషగిరిరావుగారి సన్ రూము

కాలువల ఆఫీసులో గుమాస్తాగా చేరి, సూపరింటెండెంటుగా రిటైరైన శేషగిరిరావుగారికి 1984 జనవరిలో ఒక ఆదివారం ఉదయం, రెండో కాఫీ తాగుతుండగా, మేడమీద అద్దాల గది కట్టించాలనిపించింది. నిజానికి ఆ ఆలోచన అంతకు మూడు రోజుల ముందే, గుంటూరులో మోకాళ్ళ డాక్టరు దగ్గర వంతు కోసం కూర్చున్నప్పుడు పుట్టింది. అక్కడి విదేశీ పత్రికలో ఒక రంగుల బొమ్మ ఉంది. చుట్టూ అద్దాలు, బయట మంచు, మధ్యలో పొగలు కక్కే నీళ్ళతొట్టి, అందులో మెడదాకా మునిగి నవ్వుతున్న ఒక తెల్లదొర. దొర మోకాళ్ళు కనబడలేదుగాని, ముఖం చూస్తే నొప్పి ఉన్నట్టు లేదు. శేషగిరిరావుగారు అటూ ఇటూ చూసి ఆ కాగితం చించి జేబులో పెట్టుకున్నారు.

"దీన్ని సన్ రూమ్ అంటారు," అని ఇప్పుడు దాన్ని భార్య సీతారావమ్మగారి ముందు పరిచారు. "ఎండ నేరుగా లోపలికొస్తది. వేడినీళ్ళ తొట్టిలో కూచుంటే కీళ్ళు వదులవుతాయి. నరసరావుపేటలో ఎవడికీ లేదు."

ఆఖరి మాటే అసలు మాట. ఊళ్ళో పింఛనుదారుల సంఘం అధ్యక్షుడు, రిటైర్డు హెడ్మాస్టరు సుందరరావుగారు రెండేళ్ళుగా తన ఫ్రిజ్ గురించి చెబుతుంటే వినలేక ఈయన చస్తున్నారు.

"పల్నాట్లో ఎండ కోసం గది ఏందండీ? రెంటచింతలోళ్ళు వింటే నవ్విపోతారు," అని సీతారావమ్మగారు కాగితం తిప్పి చూసి, చింతపండు పిసుక్కోవడానికి లోపలికి వెళ్ళిపోయారు.

శేషగిరిరావుగారు ఉద్యోగంలో ఎన్నో టెండర్లు చూసిన మనిషి. కట్టేవాణ్ణి కూడా అదే పద్ధతిలో ఎంచదలచారు. రొంపిచెర్ల నుంచి వచ్చిన మేస్త్రి సంగతంతా విని, "వానకి గది కడతారు, చలికి గది కడతారు. ఎండకి కడతారా బాబూ?" అని సైకిలెక్కాడు. రెండోవాడు అద్దాలనగానే, తనకు దెబ్బతగిలితే ఎవరు చూస్తారని పని ఒప్పుకోకముందే అడిగాడు. మూడోవాడు మహబూబ్. మిఠాయి కొట్లకూ ఫ్యాన్సీ షాపులకూ అద్దాల బీరువాలు చేసేవాడు.

"ఇటువంటి పనిలో నీకు అనుభవం ఎంత?" అన్నారు శేషగిరిరావుగారు, ముందు కాగితం పెట్టుకుని.

"పదహారేళ్ళుగా ఇదే పని సార్. లోపల పెట్టేది మైసూరుపాకా, మనిషా అన్నదే తేడా."

అతన్నే ఖాయం చేశారు.

పని మొదలైన రెండో వారంలో ఒకరోజు ఇంట్లో అంట్లు తోమే రత్తమ్మ మేడమీదికి మంచినీళ్ళు తీసుకెళ్ళి, "ఏం కడతన్నావు మహబూబన్నా?" అని అడిగింది.

"సన్ రూము."

"సన్ అంటే ఏంది?"

మహబూబ్‌కి వచ్చిన ఇంగ్లీషంతా రేషను కార్డు మీదిది. "సన్ అంటే కొడుకు. సన్ ఆఫ్ ఫలానా అని కార్డులో రాయరా?" అన్నాడు, మేకు మీంచి చూపు తిప్పకుండా. "మధ్యలో తొట్టి వస్తది."

రత్తమ్మ పుట్టిల్లు ముప్పాళ్ళ దగ్గర. వాళ్ళ ఇంట్లో పిల్లల్ని ఊపే ఉయ్యాలని కూడా తొట్టి అనే అంటారు. ఆమె చెంబు అక్కడే పెట్టేసి కిందికి దిగింది. శేషగిరిరావుగారికి ఇద్దరూ ఆడపిల్లలే. వాళ్ళు పెళ్ళిళ్ళయి వెళ్ళి పదేళ్ళు దాటింది. అటువంటి ఇంట్లో ఇప్పుడు కొడుక్కి గది, అందులో ఉయ్యాల. నెలకు రెండుసార్లు గుంటూరు ప్రయాణాలు. రత్తమ్మ ఎవరికీ చెప్పకూడదనుకుంది. సాయంత్రానికి నాలుగిళ్ళలో మాత్రమే చెప్పింది, వాటిలో ఒకటి సీతారావమ్మగారిది.

సీతారావమ్మగారు నమ్మలేదు. ముప్పై నాలుగేళ్ళ కాపురంలో మొగుడు తువ్వాలు ఎక్కడుందో తెలియక కేకలు వేసే మనిషి. అటువంటి మనిషి రెండో ఇల్లు ఎలా నడుపుతాడు? అయినా తనతో చెప్పిన ఎండ మాట సాకేమోనని రాత్రి భోజనాల దగ్గర ఒక్క ప్రశ్న అడిగారు.

"ఆ గది నిజంగా సన్ కోసమేనా?"

"మరి? సన్ లేకపోతే ఆ గదికి అర్థమేముంది? ఇన్నేళ్ళుగా ఈ ఇంట్లో లేనిది అదే కదా," అన్నారు శేషగిరిరావుగారు, మజ్జిగ పోసుకుంటూ.

బతికినన్నాళ్ళూ మగపిల్లాడు లేడని దెప్పిన అత్తగారి గొంతు ఆమెకు మళ్ళీ వినిపించింది. ఆ పూట నుంచి ఆమె మాట్లాడటం మానేశారు. మేడమెట్ల వైపు చూడటం కూడా మానేశారు. భార్య ఎదురుచెప్పడం లేదు కాబట్టి ఒప్పుకుందని శేషగిరిరావుగారు సంతోషించారు.

ఊళ్ళో ఆయన గౌరవం పెరిగింది. సంఘంలో ఇన్నాళ్ళూ పలకరించనివాళ్ళు లేచి కుర్చీ ఇచ్చారు. సుందరరావుగారు చెయ్యి పట్టుకుని, "ఈ వయసులో మీకున్న ధైర్యం మాకు లేదు సార్," అన్నారు.

"ధైర్యం ఏముందండీ. అంతా మహబూబే చూసుకుంటున్నాడు."

సుందరరావుగారు కాసేపు ఆలోచించి ఆ మాటను వదిలేశారు. "ఇంట్లో ఆవిడ?"

"మొదట్లో గొణిగింది. ఒకసారి చూసిందంటే తనే దిగుతుంది."

ఫ్రిజ్ ప్రసక్తి ఆ రోజు రాలేదు.

గది పూర్తయ్యాక నీళ్ళు కాచే రాగి బాయిలరు గుంటూరు నుంచి వచ్చింది. సొట్ట పడుతుందని శేషగిరిరావుగారు దాన్ని బొంతలో చుట్టి, రిక్షాలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చారు. మెట్లెక్కుతూ, "మెల్లగా మహబూబ్, తల జాగ్రత్త," అన్నారు. వంటింటి కిటికీలోంచి సీతారావమ్మగారు ఆ బొంతను చూశారు. పెద్దమ్మాయి పుట్టినప్పుడు ఆమె కుట్టిందది.

"ఏడుపు ఇనపడదేందమ్మా?" అంది రత్తమ్మ రెండు రోజుల తర్వాత. మళ్ళీ తనే, "అద్దాలు కదా, బయటికి రాదు," అంది.

మేడమీద శేషగిరిరావుగారు మూడు రోజులు దొరలాగే కూర్చున్నారు. నాలుగో రోజున నీళ్ళు రంగు మారాయి. పల్నాటి ఎండ అద్దాల్లోంచి పొద్దస్తమానం పడితే నీళ్ళలో నాచు పట్టక ఏమవుతుంది? తొట్టి నిండడానికి వందకు పైగా బిందెలు కావాలి. పంపు వచ్చేది రోజు విడిచి రోజు, అదీ అరగంట. నీళ్ళు మార్చే ఆశ లేదు, ఉన్నవాటినే శుభ్రంగా ఉంచుకోవాలి. ఆస్పత్రిలో నర్సు చేసే గ్రేసమ్మ పక్కవీధిలోనే ఉంటుంది. ఇటువంటివి ఆమెకు తెలుస్తాయని, గదికి తాళం వేసి ఆమె ఇంటికి వెళ్ళారు.

"మా మేడమీది సంగతి వినే ఉంటావు గ్రేసమ్మా."

"విన్నా బాబాయిగారూ," అంది ఆమె తల దించుకుని.

"నాలుగు రోజులకే పచ్చబడింది."

అప్పుడే పుట్టిన బిడ్డలకు కామెర్లు రావడం గ్రేసమ్మ చాలా చూసింది. "కంగారు పడమాకండి. మామూలే. పొద్దుటెండ తగలనిస్తన్నారా?"

"ఎండకేం కరువు? దాని కోసమే కదా అద్దాలు పెట్టించింది."

"మంచిదే. పాలు సరిగ్గా పడతన్నారా?"

శేషగిరిరావుగారు దగ్గరికి జరిగారు. "పాలు కూడా పొయ్యాలా?"

"పాలు లేకండా ఎట్టా బాబాయిగారూ? రోజుకి ఏడెనిమిది సార్లు, కొంచెం కొంచెం. కాచి చల్లార్చి పొయ్యండి. అదే తేటపడుద్ది."

దారిలో ఆయనకు మిఠాయి కొట్టువాళ్ళు పాకంలో పాలు పోసి మడ్డి తీయడం గుర్తొచ్చింది. చదువుకున్న పిల్ల, ఊరికే చెప్పదు. ఇంటికి రాగానే రత్తమ్మను పిలిచి, రేపటి నుంచి రెండు శేర్ల పాలు అదనంగా తెమ్మన్నారు. రత్తమ్మ సీతారావమ్మగారి ముఖం వంక చూసింది. సీతారావమ్మగారు గోడ వంక చూశారు.

మర్నాడు పొద్దుటి నుంచి శేషగిరిరావుగారు గడియారం చూసి మరీ తొట్టిలో పాలు పోశారు. మధ్యాహ్నం ఎండకి పాలు విరిగాయి. సాయంత్రం నాలుగింటికి మళ్ళీ గ్రేసమ్మ గుమ్మంలో నిలబడ్డారు.

"చెప్పినట్టే పోశా. ఇంకా ముదిరింది. ఇప్పుడు నురగ కక్కుతోంది. వాసన కూడా వస్తోంది."

గ్రేసమ్మ చేతిలో గిన్నె పక్కన పెట్టింది. "నురగా? దగ్గర ఎవరున్నారు?"

"ఎవరుంటారు? తాళం వేసి వచ్చా."

గ్రేసమ్మ చెప్పులు వేసుకోకుండానే పరుగెత్తింది. శేషగిరిరావుగారు మోకాళ్ళు పట్టుకుని నెమ్మదిగా వెనకాల బయల్దేరారు. అంత శ్రద్ధగా పనిచేసేవాళ్ళు ఈ రోజుల్లో అరుదని అనుకున్నారు.

రొప్పుతూ వచ్చిన గ్రేసమ్మ చెప్పింది విని సీతారావమ్మగారు పీట మీంచి లేచారు. గదిలోకి వెళ్ళి భోషాణం తీశారు. అందులో మెత్తటి పాత చీరల్ని చింపి మడతపెట్టిన గుడ్డలు డజను దాకా ఉన్నాయి. మాట్లాడని ఆ పదిరోజుల్లో ఆమె చేసిన పని అదే.

"తప్పు ఆయనది. ఆ పసివాడేం చేశాడే," అని గుడ్డలు చంకన పెట్టుకుని, రోకలి తీసుకుని, పదిరోజుల తర్వాత మొదటిసారి మేడమెట్లెక్కారు.

రెండు దెబ్బలకు తాళం ఊడింది. లోపల ఉయ్యాల లేదు. గది మధ్యలో నడుం లోతు సిమెంటు తొట్టి, దాని నిండా పచ్చటి నీళ్ళు, పైన పేరుకున్న తెల్లటి విరుగుడు. ఒడ్డున పాలగిన్నె.

"నీళ్ళలో పడిపోయినట్టున్నాడమ్మా," అంది గ్రేసమ్మతో పాటు వెనకాలే ఎక్కిన రత్తమ్మ.

మరుక్షణం ముగ్గురూ తొట్టిలో ఉన్నారు. చేతులతో అడుగంతా తడిమారు. రత్తమ్మకు ఇటుక దొరికింది, గ్రేసమ్మకు ఒక చెంబు. సీతారావమ్మగారు మెడదాకా వంగి మూలలన్నీ వెతుకుతూ, "నాయనా, నాయనా," అంటున్నారు. కట్టుకున్న చీరంతా విరుగుడు.

సరిగ్గా అప్పుడు శేషగిరిరావుగారు గుమ్మంలోకి వచ్చారు. తొట్టిలో భార్యను చూసి ఆయన ముఖం విప్పారింది.

"నేను చెప్పలా, నువ్వే దిగుతావని?"

"పిల్లాడేడి?" అన్నారు సీతారావమ్మగారు. పదిరోజుల తర్వాత ఆయనతో ఆమె మాట్లాడిన మొదటి మాట.

"ఏ పిల్లాడు?"

అంతా తేలడానికి పావుగంట పట్టింది. మహబూబ్‌ని పిలిపించారు. రేషను కార్డు కూడా తెప్పించారు. సన్ అంటే సూర్యుడని శేషగిరిరావుగారు వేలితో ఆకాశం చూపించి చెప్పారు. గ్రేసమ్మకు నవ్వాగలేదు. రత్తమ్మ చీర పిండుకుంటూ కిందికి జారుకుంది.

సీతారావమ్మగారు నవ్వలేదు. తడి గుడ్డలు ఒక్కొక్కటే పిండి మడత పెడుతూ, "మరైతే లేడా?" అన్నారు.

"ఎక్కడినుంచి వస్తాడే? నేనటువంటివాణ్ణి కాదు," అన్నారు శేషగిరిరావుగారు గర్వంగా.

"మా నాన్న పేరు పెడదామనుకున్నా," అని ఆమె మెట్లు దిగి వెళ్ళిపోయారు.

కొడుకుని తెచ్చాడనుకున్నప్పుడు ఆమె పదిరోజులే మాట్లాడలేదు. తేలేదని తెలిశాక నెల దాకా మాట్లాడలేదు. అన్నం మాత్రం వేళకు పెట్టారు.

తన నడత మీద పడిన మచ్చ చెరిపేసుకోవాలని శేషగిరిరావుగారు ఆ ఆదివారం సంఘం సమావేశంలో లేచి నిలబడ్డారు. "నాకు కొడుకు లేడు. ఎన్నడూ లేడు," అన్నారు. నిన్నటిదాకా కుర్చీ ఇచ్చినవాళ్ళు తలలు తిప్పుకున్నారు.

"రోజుకి రెండు శేర్ల పాలు ఎవరికి పోశారు సార్?" అన్నారొకరు వెనకనుంచి.

"తొట్టికి," అన్నారు శేషగిరిరావుగారు.

సుందరరావుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "కనడం తప్పనను. కని, నలుగురిలో కాదనడం చానా బాధాకరం," అన్నారు. తండ్రి ఒప్పుకునేదాకా ఆ పిల్లవాడి చదువు సంధ్యల బాధ్యత సంఘమే వహించాలని అక్కడికక్కడే తీర్మానం ప్రతిపాదించారు.

ఇరవై ముగ్గురు అనుకూలం, ఒకరు వ్యతిరేకం. మర్యాద కోసం ఆ ఒక్కరి పేరు మినిట్సు పుస్తకంలో రాయలేదు.