గాలిదారిన అరగంట

సోమవారం ఉదయం విశాఖ వెళ్ళాలని రావులపాలెం అరటి మండీ యజమాని బుల్లిరాజు నిశ్చయించుకున్నాడు. అక్కడ ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్‌కు ఏడాది పొడవునా పళ్ళు సరఫరా చేసే బేరం ఉంది. సాయంత్రం నాలుగులోపు నమూనా గెలతో స్వయంగా వెళ్ళి ధరల కాగితం ఇవ్వాలి. బేరం రాకపోతే దసరాకల్లా మండీకి తాళం వేయక తప్పదు. ఆ దిగులుతో నిద్రపోనిది మాత్రం ఆయన కాదు, ఆయన భార్య సూర్యకళ.

ముందురోజే రైల్లో వెళ్ళమంది ఆవిడ. ఆదివారం అమావాస్య అన్నాడు. పోనీ సోమవారం తెల్లవారుజాము బండికి వెళ్ళమంది. సోమవారం తూర్పు శూల, ఆ దిక్కుకు ప్రయాణం పనికిరాదన్నాడు. ఫోన్ తీసి చూపించాడు. రాజమండ్రి విమానాశ్రయం నుంచి విశాఖ విమానాశ్రయానికి నూట డెబ్బై కిలోమీటర్లు, ప్రయాణం అరగంట అని అందులో ఉంది.

"రైల్లో మూడు గంటలు శూలకి ఎదురెళ్ళాలా? ఇదైతే అరగంటే. శూల తేరుకునేలోపు దిగిపోతాను."

"ఆ విమానం ఉందో లేదో కనుక్కున్నారా అండి?"

"దూరం ఉంది, టైము ఉంది. విమానం ఎందుకుండదే?"

టికెట్ల షాపులో విశాఖకు విమానం టికెట్టు అడిగాడు. ఇచ్చారు. దాన్ని చదవడం నామోషీ అనుకున్నాడు. క్యాంటీన్ మేనేజరు సామ్యేలుకు ఫోన్ చేసి, పదింటికి దిగుతున్నాను, కారు పంపమని పురమాయించాడు కూడా.

తొమ్మిదిన్నరకు రాజమండ్రి విమానాశ్రయం ఉన్న మధురపూడిలో విమానం లేచింది. గోనెసంచిలో చుట్టిన గెల సామాన్లలో వెళ్ళింది. గంట గడిచినా కిందికి దిగకపోయేసరికి పక్క సీటాయనకు టికెట్టు చూపించి అడిగాడు.

"విశాఖ దాటిపోయామాండి?"

"ఇది హైదరాబాద్ వెళ్తుందండి. అక్కడ మూడున్నరకి ఇంకో ఫ్లైటు ఎక్కాలి మీరు. ఫోన్లో చూపించేది గీత గీసి వేసిన లెక్క. ఆ గీత మీద విమానం తిరగదు."

బుల్లిరాజు వేళ్ళ మీద దిక్కులు లెక్కపెట్టాడు. సోమవారం పడమర ప్రయాణానికి దోషం లేదు. ఆ మాత్రానికి సంతోషించగల మనిషి ఆయన.

ఈలోగా విశాఖ విమానాశ్రయంలో సామ్యేలు పంపిన డ్రైవరు బుల్లిరాజు పేరు రాసిన అట్టముక్క పట్టుకుని నిలబడ్డాడు. రాజమండ్రి నుంచి ఏ విమానమూ రాదన్నారు. సామ్యేలు మండీకి ఫోన్ చేశాడు. సూర్యకళ మొగుడికి చేసింది. పలకలేదు. ఆవిడ ఏడవలేదు. మంచి చక్కెరకేళి గెల ఒకటి కారెక్కించి తానే బయల్దేరింది.

కారు గోదావరి దాటాక బుల్లిరాజు ఫోన్ వచ్చింది. హైదరాబాద్‌లో ఉన్నానని చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు.

"దిగానే. ఎండ మండిపోతోంది."

"ఏ ఊళ్ళోనండి?"

"విశాఖలోనే."

"సరేనండి."

తానెక్కడుందో ఆవిడ చెప్పలేదు. ఆయన అడగలేదు.

సాయంత్రం ఆరింటికి బుల్లిరాజు క్యాంటీన్ గేటు దగ్గర దిగాడు. గెల నలిగి సగం పళ్ళు సంచిలోనే రాలిపోయాయి. బేరం నాలుగింటికే కుదిరిందని, రావులపాలెం వాళ్ళకే ఇచ్చామని బయటికొచ్చిన సామ్యేలు చెప్పాడు. బుల్లిరాజు ఊగిపోయాడు. తన వెనకే వచ్చి గొయ్యి తవ్విన ఆ మనిషిని మండీ గడప తొక్కనివ్వనని, ఊళ్ళో తలెత్తుకోకుండా చేస్తానని అరిచాడు.

సామ్యేలు పక్కకు జరిగాడు. వెనక సూర్యకళ ఉంది, చేతిలో ఒప్పందం కాగితంతో.

"మీ తరఫున సంతకం పెట్టాలంటే మీ ఉత్తరం కావాలన్నారండి. లేదుగా. నా పేరునే పెట్టేశాను."

"నేను ఊళ్ళోనే ఉన్నానని చెప్పానుగా. కబురు చేయొచ్చుగా."

"విశాఖంతా వెతికించానండి. ఎక్కడా కనపళ్ళేదు."

ఆ వారం నుంచి లారీల్లోకి గెలలు ఎక్కించేది ఆయన, సంతకాలు పెట్టేది ఆవిడ.